సవతమ్మ బిళ్ళ

పిల్లల మాయకథల పుస్తకం ఏది చేతికొచ్చినా నేను ముందు అమ్మని వెతుకుతాను. ఆ కథలో పిల్లకి అమ్మ ఉందా, ఉంటే ఏ పేజీ దాకా ఉంది, ఎలా పోయింది. చాలా పుస్తకాల్లో కథ మొదలయ్యేసరికే ఆమె పని అయిపోయి ఉంటుంది. ఒకదాంట్లో పడవ మునుగుతుంది, ఇంకోదాంట్లో పేరు లేని జబ్బు వస్తుంది, కొన్నిట్లో కారణం చెప్పాలన్న మర్యాద కూడా ఉండదు. రాసేవాళ్ళకి ఆమె అడ్డం. అమ్మ ఉంటే పిల్లని ఒంటరిగా అడవిలోకి పోనిస్తుందా? అన్నం తిని పొమ్మంటుంది, చెప్పులు వేసుకోమంటుంది, పొద్దు వాలకముందే గుమ్మంలో నిలబడి కేక వేస్తుంది. అందుకని ఆమెని ముందే సాగనంపి, ఆ తర్వాత తీరిగ్గా డ్రాగన్లనీ రెక్కల గుర్రాలనీ తోలుకొస్తారు.

నేను కావలిలో ఒక కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతాను. పిల్లల ఫాంటసీల్లో ఆడవాళ్ళ మీద కొన్ని వ్యాసాలు రాశాను, పిలిచిన చోటికి వెళ్ళి మాట్లాడాను. మా ఆయన నాకు మంత్రగత్తెల ప్లీడరు అని పేరు పెట్టాడు. ఎగతాళికే పెట్టాడు గానీ నాకు బాగానే ఉంది. వాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళు నిజంగానే ఎవరూ లేరు. ఊరి చివర ఒంటరిగా ఉంటూ, ఆకూ పసరూ తెలిసి, ఎవరికీ లొంగకుండా బతికే మగవాడు కథలోకొస్తే ఆయన ముని. గడ్డం పెరిగేకొద్దీ గౌరవం పెరుగుతుంది. అదే పని ఆడది చేస్తే మంత్రగత్తె, పైగా ముక్కు మీద పులిపిరి కూడా మొలుస్తుంది. రాకుమారి సంగతి సరేసరి. ఆమె చెయ్యాల్సిందల్లా నిద్రపోవడం, ఎవరో వచ్చి లేపేదాకా అందం చెడకుండా చూసుకోవడం. ఈమధ్య వస్తున్న పుస్తకాల్లో అమ్మాయిలు కత్తి పడుతున్నారు, సంతోషమే. కానీ కత్తి పట్టిన పిల్లకి ఒక్క స్నేహితురాలూ ఉండదు, చుట్టూ అంతా మగపిల్లలే. వంటింటి వాసన తగిలితే చాలు ముఖం చిట్లించాలి. అమ్మ మాత్రం వాటిలోనూ ఉండదు.

ఇక సవతితల్లి. నేను సభల్లో గొంతు పెంచేది ఆమె దగ్గరికి వచ్చినప్పుడే. కథల్లో మంచి అమ్మ ఎప్పుడూ చచ్చిపోయిన అమ్మే, బతికున్న అమ్మ ఎప్పుడూ చెడ్డదే. చచ్చిపోయినామె ఇక ఎవరినీ కసరదు, పాలు మాడబెట్టదు, అలిసిపోయి విసుక్కోదు. ఆమెతో పోటీపడి బతికున్న మనిషి గెలవగలదా అని అడిగేదాన్ని. చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ మాటని నేను కూడా ఇష్టంగానే చెప్పేదాన్ని. తర్వాత మా చెల్లెలు చచ్చిపోయింది.

మా చెల్లెలి అత్తగారిది సముద్రం ఒడ్డు ఊరు. హైవే దిగి తూర్పుగా పోతే రొయ్యల గుంటలు, వాటిని దాటితే బకింగ్‌హాం కాలవ, కాలవ దాటితే ఊరు, ఊరి వెనక సరుగుడు తోపు, దాని వెనక సముద్రం. మా మరిది రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే మోటార్లు బాగుచేస్తాడు. మెత్తటి మనిషి, నోటికన్నా చేతిలో స్పానర్‌కే పని ఎక్కువ. ఒక్కతే కూతురు. చెల్లెలికి జ్వరం వస్తే మామూలు జ్వరమే అనుకున్నారు. డెంగ్యూ అని తేలాక నెల్లూరు తీసుకుపోయారు. మళ్ళీ ఇంటికి వచ్చింది అంబులెన్సులోనే. పిల్ల జడుసుకుంటుందని పెద్దవాళ్ళు దాన్ని పక్క వీధిలో ఎవరింట్లోనో కూర్చోబెట్టి టీవీ పెట్టారు. అది తిరిగొచ్చేసరికి వాకిలి కడిగేసి ఉంది. అమ్మ దేవుడి దగ్గరికి పోయిందని ఒకరు, చుక్కయిందని ఒకరు, వస్తుందిలే అని ఇంకొకరు చెప్పారు. చచ్చిపోయింది అన్న మాట దాని ముందు ఎవరూ అనలేదు. అనొద్దని ఎవరూ కట్టడి చెయ్యలేదు కూడా, ఎవరికి వాళ్ళే మానుకున్నారు.

మా అక్కచెల్లెళ్ళ గొంతులు ఒకటే. ఫోన్‌లో మా నాన్న కూడా పోల్చుకోలేకపోయేవాడు. చెల్లెలు పోయాక నేను ఆ ఇంటి గేటు దగ్గర నిలబడి పిలిస్తే లోపల చప్పుళ్ళన్నీ ఆగిపోయేవి. చెల్లెలి అత్తగారు, పిల్ల ఆమెని జేజి అంటుంది, ఒకసారి చేతిలో చేట వదిలేసి గోడ పట్టుకుంది. అప్పటినుంచీ పిలవడం మానేసి, గేటు గొళ్ళెం చప్పుడు చేసి లోపలికి పోయేదాన్ని. పిల్ల మాత్రం అప్పుడప్పుడూ వాళ్ళ నాన్న ఫోన్ తీసుకుని నాకు చేసేది.

"పెద్దమ్మా, 'లేమ్మే, బడికి టైమైంది' అని చెప్పు," అనేది.

నేను చెప్పేదాన్ని. అవతల ఊపిరి కూడా వినిపించేది కాదు. "ఇంకోసారి," అనేది. ఇంకోసారి చెప్పేదాన్ని. ఫోన్ పెట్టేశాక నా నోరు నాది కాదనిపించేది. భయమేసేది కూడా, నాకెందుకు దాచుకోవడం. కొన్నాళ్ళు ఇంట్లో గట్టిగా మాట్లాడటమే మానేశాను. ఏదైనా పాట కూనిరాగం తీస్తుంటే మధ్యలో ఆగి, ఇది నేనేనా అని చూసుకునేదాన్ని.

పిల్లకి పుస్తకాలంటే పిచ్చి. ఆ పిచ్చి అంటించింది నేనే. వెళ్ళినప్పుడల్లా కొత్తవి పట్టుకుపోయేదాన్ని. మిద్దె మీద నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని మొత్తం ఊదిపారేసేది. వాటిలో అమ్మలేని పిల్లల కథలే ఎక్కువ, ఉన్నవి దొరకడం కష్టమని చెప్పాను కదా. ఒకసారి నా పక్కన కూర్చుని, "అమ్మ ఉంటే కథ రాదా పెద్దమ్మా?" అని అడిగింది. నేను ఇన్నాళ్ళు రాసిందంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. దాని జడ విప్పి మళ్ళీ అల్లాను.

ఏడాది తిరిగాక మరిదికి రెండో పెళ్ళి చేశారు. వద్దని మేము కూడా అనలేదు. ఆయన గుంటల వెంబడి తిరగాలి, జేజికి మోకాళ్ళు పట్టేశాయి, పిల్లకి జడ వేసే దిక్కు లేదు. ఇన్ని కారణాలు చెప్పుకున్నాక కూడా మా అమ్మ ఆ వారమంతా సరిగ్గా తినలేదు. కొత్తగా వచ్చినామెది మనుబోలు. జాకెట్లు కుట్టేది. ముప్పై దాటినా పెళ్ళి ఎందుకు కుదరలేదో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు, అవన్నీ విన్నాక ఏ కారణమూ లేదని నాకు అర్థమైంది. మాట తక్కువ. వీధిలోవాళ్ళు ఆమెని "కొత్తామె" అన్నారు. ఆమె అక్కడ పాతబడింది గానీ ఆ పేరు పాతబడలేదు.

మావైపు కొన్ని ఇళ్ళల్లో ఇంకా ఒక ఆచారం నడుస్తోంది. మొదటి భార్య పోయాక మగవాడు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, వచ్చినామె మెడలో చిన్న బంగారు బిళ్ళ ఒకటి వేస్తారు. దాని మీద ఆడమనిషి బొమ్మ అచ్చు గుద్ది ఉంటుంది. అది పోయినామె. సవతమ్మ అంటారు. కొత్త చీర కొంటే ముందు సవతమ్మకి చూపించి తర్వాత కట్టుకోవాలి. పువ్వులు తెస్తే ఒక రెక్క ముందు బిళ్ళకి తగిలించాలి, బొట్టు పెట్టుకునే ముందు బిళ్ళకి పెట్టాలి. పోయినామె పుట్టింటివాళ్ళు ఈ కొత్త మనిషినే కూతురనుకోవాలి. మా అమ్మ పెళ్ళిలో ఆమెకి చీరా పసుపూ కుంకుమా పెట్టి, "మా బిడ్డవే నువ్వు," అని చెప్పి, లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది. నేను ఆమెని ఏ వరసా పెట్టి పిలవలేదు.

ఆ బిళ్ళ చూడగానే నాకు ఒళ్ళు మండింది. కంసాలి దగ్గర ఉండే అచ్చు ఒకటే, ఏ ఆడదానికైనా అదే ముఖం. మా చెల్లెలికి ముందు పన్ను పక్క పన్ను మీదికి ఎక్కి ఉండేది, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఆ బిళ్ళలో నవ్వే లేదు.

"ఏంది అత్తా ఇది? చచ్చినామెని తీసుకొచ్చి బతికినామె మెడకి కాపలా పెడతారా?" అన్నాను.

జేజి నా వైపు నిదానంగా చూసింది. "నువ్వు చదువుకున్నదానివి, నీకు చెప్పేదానికి నా వల్ల కాదు. అది ఈ ఇంటి పెద్ద కోడలు. ఏదైనా ముందు దానికి, తరవాతే ఈమెకి. మనం గూడా మరిచిపోతే దానికి యాడ చోటుంటాది?"

ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి ఊరుకున్నాను. మా చెల్లెలంటే ఆమెకి ప్రాణం, అందులో అబద్ధం లేదు. కానీ ఆ ప్రేమంతా కొత్తామె నెత్తి మీద పడేది. ఉప్పు ఎక్కువైతే "అది ఇట్లా వేసేది కాదు," తాడు మీద బట్టలు ఆరేస్తే "అది కొంగులు ఈ పక్కకి వేసేది," అని రోజంతా ఒకటే పాఠం. కొత్తామె మారుమాట లేకుండా నేర్చుకుంది. ఒకసారి మధ్యాహ్నం వెళితే నాకు చేపల పులుసు వడ్డించింది. ముద్ద నోట్లో పెట్టుకోగానే చెయ్యి ఆగిపోయింది. మా చెల్లెలి పులుసు. అదే పులుపు, చివర్లో అదే మెంతి వాసన. తలెత్తితే వంటింటి గుమ్మంలో ఎవరో వేరే మనిషి నిలబడి నేను తింటున్నానా లేదా అని చూస్తోంది. బతికున్న మనిషిని రోజుకింత చొప్పున చెరిపేసి, చచ్చిపోయినదాన్ని ఆమె మీద గీస్తున్నారనిపించింది. అయినా మొత్తం తిన్నాను. మా చెల్లెలి పులుసు వదలడం నా చేతకాలేదు.

ఆ తర్వాత పిల్లలో మార్పు వచ్చింది. కొత్తామె పెట్టిన అన్నం తినేది కాదు, జేజి కలిపితేనే తినేది. కొత్తామె దగ్గరికొస్తే చూపు నేరుగా మెడ మీదికి పోయేది. నాకు ఫోన్ చేసి, "నన్ను నీ కాడ పెట్టుకుంటావా పెద్దమ్మా?" అని అడిగింది. గొంతు చెప్పమని అడగడం మానేసింది. అది నాకు ఇంకా గుబులు పుట్టించింది. దాన్ని కావలి తీసుకొచ్చి ఇక్కడే బడిలో వేద్దామని మా ఆయనా నేనూ అనుకున్నాము.

అంతలో శ్రావణమాసంలో మరిది ఫోన్ చేశాడు. "వదినా, బిళ్ళ పోయింది," అన్నాడు. శుక్రవారం కొత్త చీర సవతమ్మకి చూపించమని జేజి అంటే, కొత్తామె నల్లపూసల దండకి బిళ్ళ లేదట. కాలవ గట్టున బట్టలు పిండుతుంటే జారిపోయిందని చెప్పిందట. జేజి నమ్మలేదు. కావాలనే పారేసింది, దానికి కడుపుమంట, పెద్దకోడలి ఉసురు ఈ ఇంటికి తగులుతుంది అని ఒకటే శోకాలు. కొత్త బిళ్ళ చేయించి శాంతి జరిపించేదాకా ఆమె ఇంట్లో ఉండటానికి వీల్లేదని మనుబోలు కబురు పెట్టింది. 'జరిపించేదాకా' అన్నది మాట వరసకే, మళ్ళీ పిలిచే ఉద్దేశం లేదని మరిది గొంతులోనే తెలుస్తోంది.

"నువ్వేమంటావయ్యా?" అన్నాను.

"నేనేమంటా వదినా, అమ్మ ఏడస్తా ఉండాది," అన్నాడు. వెనక మోటారు చప్పుడు.

నాకు లోపల సంతోషమేసిందంటే ఎవరేమనుకుంటారో తెలియదు. మెడకి వేసిన గుదిబండని తీసి కాలవలో విసిరేసిన ఆడది! ఇన్నాళ్ళు నేను పుస్తకాల్లో వెతికిన మనిషి, మా చెల్లెలి వంటింట్లోనే ఉందన్నమాట. ఆటోలో పోతున్నంతసేపూ ఆమెకి ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. ఆమె తరఫున జేజితో పోట్లాడాలి, పిల్లని వెంట తెచ్చుకోవాలి.

నేను వెళ్ళేసరికి ఇల్లు బిగుసుకుపోయి ఉంది. జేజి ముందు వరండాలో చేట ముందు పెట్టుకుని కూర్చుంది, బియ్యంలో చెయ్యి ఆడటం లేదు. కొత్తామె అన్న మనుబోలులో బయల్దేరాడట. పిల్ల బడినుంచి రాగానే నన్ను చూసి, చెయ్యి పట్టుకుని సముద్రం వైపు లాక్కుపోయింది. సరుగుడు తోపులో ఎండు సూదులు కాళ్ళ కింద మెత్తగా ఉన్నాయి. తోపు దాటగానే గాలి, ఉప్పు, ఒడ్డు మీదికి లాగిన పడవలు. పిల్ల నీళ్ళ అంచుదాకా పోయి నిలబడింది.

"నాతో కావలి వస్తావా?" అని అడిగాను.

తల ఊపింది. "అమ్మ వచ్చినాక పోదాం," అంది.

"ఏ అమ్మ?"

"మా అమ్మే. బయటికి వచ్చేసింది గదా. దారి తెలీక యాడన్నా తిరగతా ఉంటాది. నేను ఈడ లేకపోతే ఎట్లా?"

అది నీళ్ళవైపే చూస్తూ, బళ్ళో జరిగిన విషయం చెప్పినట్టు చెప్పుకొచ్చింది. ఒకరోజు అది ఏడుస్తుంటే జేజి ఊరుకోబెడుతూ, "మీ అమ్మ యాడికీ పోలేదుమే, ఆమె మెళ్ళో బిళ్ళలో ఉండాది, ఏడవబాక," అని చెప్పిందట. అప్పటినుంచీ అది కొత్తామెని కనిపెట్టి చూసింది.

"రోజూ అద్దం ముందర నిలబడి బిళ్ళని పట్టుకోని ఏందో చెప్తా ఉంటాది పెద్దమ్మా. పెదవులు కదలతాయి, మాట ఇనపడదు. మంత్రమే గదా అది. నువ్విచ్చిన పుస్తకంలో గూడా ఉండాది, మంత్రగత్తె ప్రాణాల్ని గొలుసులో పెట్టి మెళ్ళో వేసుకుంటాది. లోపల ఉండేవాళ్ళు పలకలేరు. సముద్రం నీళ్ళు తగిలితే బయటికొస్తారు."

మధ్యాహ్నం కొత్తామె కునుకు తీస్తుంటే మెల్లగా కొక్కెం విప్పి బిళ్ళ తీసింది. పెరట్లో బట్టలుతికే బండ మీద పెట్టి రాయితో కొట్టింది. "లోపల ఖాళీ లేదు. వంగిపోయింది, అంతే," అంది. అప్పుడు ఇక్కడికి తెచ్చి అలలోకి విసిరింది. విసిరి చాలాసేపు నిలబడింది. రోజూ బడి విడిచిపెట్టగానే వచ్చి చూసి పోతోంది.

ఈ పిల్ల కథని తప్పుగా చదవలేదు. కథ చెప్పినట్టే అక్షరం పొల్లుపోకుండా చేసింది. జేజి ఓదార్పూ, నేనిచ్చిన పుస్తకమూ, కంసాలి అచ్చూ కలిసి ఆ ఇంట్లో ఒక మంత్రగత్తెని తయారుచేశాయి. నేను మోకాళ్ళ మీద కూర్చుని దాని భుజాలు పట్టుకున్నాను.

"ఆ బిళ్ళలో ఎవరూ లేరు తల్లీ. అది బంగారు ముక్క. ఆమె మంత్రగత్తె కాదు. మంత్రగత్తెలు ఎక్కడా లేరు. మీ అమ్మని ఎవరూ పట్టుకుపోలేదు," అన్నాను.

అది తేలికపడుతుందనుకున్నాను. దాని ముఖంలో రక్తం ఇంకిపోయింది.

"ఆమె పట్టుకోలేదా?"

"లేదమ్మా."

"అయితే అమ్మ యాడ ఉండాది?"

నేను దాని భుజాల మీది ఇసుక దులపసాగాను.

"యాడా లేదా?"

"యాడా లేదమ్మే," అన్నాను. మా చెల్లెలి గొంతే దానికి ఆ మాట చెప్పింది. పిల్ల ఉలిక్కిపడి నన్ను చూసింది, చూసి రెండు చెవులూ మూసుకుంది.

మంత్రగత్తెలు కథల్లోకి ఎందుకొచ్చారని ఎన్నో సభల్లో వివరించాను. మగవాళ్ళు రాశారు కాబట్టి, ఒంటరి ఆడవాళ్ళంటే ఊళ్ళకి భయం కాబట్టి అన్నాను. అవి అబద్ధాలు కావు. కానీ ఆ ఇసుకలో నాకు ఇంకో సంగతి తెలిసింది. మంత్రగత్తె పట్టుకుపోయి ఉంటే అమ్మ ఎక్కడో ఒకచోట ఉన్నట్టే. పెట్టె తెరవచ్చు, గొలుసు తెంపవచ్చు, పిల్ల చెయ్యగలిగిన పని ఏదో ఉంటుంది. దోమ కుట్టి జ్వరమొచ్చి పోతే తెరవడానికి ఏ పెట్టే లేదు. ఆ ఆశ కోసం పిల్లలకి ఒక చెడ్డ ఆడది కావాలి. ఆ చెడ్డతనం మొయ్యాల్సింది మాత్రం ఇంట్లో పులుసు కాచే ఎవరో ఒక బతికున్న మనిషి. అందరం కలిసి ఆమె మీదే పెట్టాం.

పిల్ల ఏడవలేదు. తిరిగి నడుస్తున్నప్పుడు నా చెయ్యి పట్టుకోలేదు. ఇంటికి చేరి నేరుగా పెరట్లోకి పోయింది. కొత్తామె కత్తిపీట ముందు కూర్చుని నెత్తళ్ళ చేపలు శుభ్రం చేస్తోంది. పుట్టింటికి పంపేస్తున్న రోజున కూడా ఆ ఇంటికి పులుసు కాచిపోవాలనుకుందేమో. పిల్ల ఆమె ఎదురుగా నిలబడింది.

"బిళ్ళ నేనే తీసినా. సముద్రంలో వేసేసినా," అంది.

"నాకు తెలుసులే," అంది ఆమె, చేపల మీదినుంచి చూపెత్తకుండా. "నువ్వు కొక్కెం విప్పేటప్పుడు నాకు మెలకవ ఉండాది."

నేను నమ్మలేకపోయాను. "తెలిసి ఎందుకు ఊరుకున్నావు?" అన్నాను.

"వాళ్ళమ్మ గదక్కా. వాళ్ళమ్మని అది తీసుకుంటే అడిగేదానికి నేనెవురు?"

"మరి కాలవలో పోయిందని..."

"చెప్తే పిల్లని కొడతారు గదా."

ఆటోలో కూడబలుక్కున్న మాటలేవీ నాకు గుర్తు రాలేదు. అయినా ప్లీడరు నోరు ఊరికే ఉంటుందా, "పోనీ, ఆ బరువు మెళ్ళోనించి పోయింది, అదన్నా మంచిదే కదా," అన్నాను.

ఆమె మొదటిసారి నా ముఖంలోకి చూసింది. "ఏం మంచక్కా. ఈ ఇంట్లో నేను మాట్లాడేది బిళ్ళలో ఉండే ఆయక్కతోనే. పులుసులో ఏం తగ్గింది, అత్త ఎందుకు కోప్పడింది, పిల్ల నా చేతి అన్నం ఎందుకు తినదు, అన్నీ ఆయక్కనే అడిగేదాన్ని. వేరే ఎవురుండారు నాకు? ఇప్పుడు మెడ మీదికి చెయ్యి పోతే ఏమీ లేదు."

కాపలా అని నేనన్నది ఆమెకి అక్క అయింది. ఆ ఇంట్లో ఆమెకి ఉన్న ఒకే ఒక్క మనిషి చచ్చిపోయిన మా చెల్లెలు. ఇది విని నాకు ఏడుపు రాలేదు, సిగ్గూ రాలేదు, చలి వేసింది.

పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. "మా అమ్మ నీతో ఏం చెప్పేది?" అని అడిగింది.

ఆమె చేతిలో చేప పళ్ళెంలో పెట్టింది. ఏదైనా తియ్యటి అబద్ధం చెబుతుందనుకున్నాను, నేనైతే చెప్పేదాన్ని.

"ఏం చెప్పలేదుమ్మే. ఒక్కసారి గూడా పలకలేదు."

పిల్ల పళ్ళెంలో చేపని చూసింది. "నాతో గూడా," అంది.

ముందు వరండాలోనించి జేజి కేక వేసింది. "మీ అన్న కాలవ దాటినాడంట, గుడ్డలు సర్దుకున్నావా లేదా?"

కొత్తామె లేచి చేతులు కడుక్కోబోయింది. ఆమెకన్నా ముందు పిల్ల లోపలికి నడిచింది. నేను వెనకే పోయాను. మరిది మెట్టు మీద కూర్చుని విప్పిన మోటారులో తల పెట్టి ఉన్నాడు. పిల్ల జేజి చేట ముందు నిలబడింది.

"జేజీ, బిళ్ళ పారేసింది నేను. పిన్ని యాడికీ పోదు," అంది. ఆమెని పిన్ని అనడం అదే మొదలు. "ఇంకో బిళ్ళ చేయించబాక. దాంట్లో అమ్మ ఉండదు. మా అమ్మ చచ్చిపోయింది."

మరిది చేతిలో స్పానర్ మెట్టు మీద పడింది. జేజి చేట పక్కకి నెట్టింది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. పెరట్లోనించి ఒక్కసారిగా ఏడుపు వినిపించింది, చావు ఇంట్లో ఏడ్చే ఏడుపు. మా చెల్లెలు పోయిన తర్వాత ఆ ఇంట్లో పిల్లకి వినపడేలా గొంతెత్తి ఏడ్చిన మొదటి మనిషి, చెల్లెలి ముఖం ఎన్నడూ చూడనామె.